ఆంధ్ర నుంచి తెలంగాణకు మకాం మారుస్తున్నారా? ఏ కాగితం ముందు, ఏది తర్వాత

హైదరాబాద్: పని కోసం, పిల్లల చదువు కోసం, పెళ్ళయి అత్తారింటికి ఇలా ఏదో ఒక కారణంతో కర్నూలు, నంద్యాల, కడప, గుంటూరు వైపు నుంచి హైదరాబాద్ వచ్చి ఉండిపోయే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. సామాను ఒక్క రాత్రిలో డీసీఎంలో వచ్చేస్తుంది. కాగితాలు మాత్రం నెలల తరబడి పాత ఊళ్ళోనే ఉండిపోతాయి. 2014 జూన్ 2కి ముందు అయితే ఇది జిల్లా మారడమే. ఇప్పుడు రాష్ట్రం మారడం. రేషన్ కార్డు, పింఛను, బండి నంబరు, పిల్లల లోకల్ హోదా అన్నిటి లెక్కా మారిపోతుంది.

చాలామంది చేసే పొరపాటు ఒకటే. ఏ ఆఫీసు ముందు కనబడితే అందులోకి వెళ్తారు. అక్కడ ఇంకో కాగితం తెమ్మంటారు. దాని కోసం వెళ్తే మొదటిదే కావాలంటారు. ఈ తిరుగుడు తగ్గాలంటే వరస తెలియాలి.

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని అనుకుందాం. నంద్యాల నుంచి టోలీచౌకీలో అద్దె ఇంటికి వస్తున్నారు. భర్త ఏసీ మెకానిక్. భార్య, 9వ తరగతిలోకి వెళ్ళే అమ్మాయి, 4వ తరగతి అబ్బాయి, పింఛను తీసుకునే అమ్మీ. ఒక బైకు, ఒక గ్యాస్ కనెక్షన్, ఒక బియ్యం కార్డు. వీళ్ళు ఏం చేయాలో చూస్తే మీకు ఏది అవసరమో తెలిసిపోతుంది.

బయల్దేరే ముందు పాత ఊళ్ళో

కొన్ని పనులు పాత ఊళ్ళోనే అవుతాయి. వదిలేసి వస్తే వాటి కోసం మళ్ళీ బస్సెక్కాలి. అవి ఇవి:

1. ఇంట్లో అందరి ఆధార్‌కూ ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరు లింకై ఉందా చూసుకోండి. ఓటీపీ రాకపోతే ఆన్‌లైన్‌లో ఏ పనీ కాదు. నంబరు మార్చాల్సి ఉంటే ఆధార్ సెంటర్‌లో మార్పించుకోవచ్చు.

2. పిల్లల టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, మార్కుల జాబితాలు తీసుకోండి. రాష్ట్రం దాటుతున్నారని హెడ్‌మాస్టర్‌కు ముందే చెప్పండి. కొత్త స్కూలు టీసీ మీద డీఈఓ కౌంటర్ సంతకం అడిగితే అది కూడా అక్కడే చేయించుకోవాలి. 1వ తరగతి నుంచి చదివిన ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ ఉండాలి. ఎందుకో కింద చెబుతాం.

3. గ్యాస్ ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకోండి.

4. బైకు మీద పెండింగ్ చలానాలు కట్టేసి, ఆర్టీఓ దగ్గర ఎన్‌ఓసీకి దరఖాస్తు పెట్టండి.

5. పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, మీ నికాహ్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చేతిలో ఉన్నాయా చూడండి. ఖాజీ ఇచ్చిన నికాహ్‌నామా మన దగ్గర చెల్లుతుంది కానీ చాలా ఆఫీసుల్లో రిజిస్ట్రార్ సర్టిఫికెట్ అడుగుతారు. 2002 నాటి వివాహాల తప్పనిసరి నమోదు చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. పెళ్ళి జరిగిన ఊళ్ళోనే చేయించుకుంటే సులువు, సాక్షులు అక్కడే ఉంటారు.

6. పాత ఇంటి కరెంటు బిల్లు పూర్తిగా కట్టి రసీదు దాచండి. సొంత ఇల్లయి తాళం వేసి వస్తుంటే, మీటరు ఉన్నంత కాలం కరెంటు వాడకపోయినా ఎంతో కొంత బిల్లు వస్తూనే ఉంటుంది. కట్టకపోతే బకాయి పెరుగుతుంది.

అద్దె ఒప్పందం: అన్నిటికీ మొదలు ఇదే

కొత్త ఊళ్ళో మీ పేరు మీద ఏ కాగితమూ ఉండదు. కరెంటు బిల్లు ఓనర్ పేరు మీద, నీళ్ళ బిల్లూ ఆయన పేరు మీదే. కాబట్టి మొదటి ఆధారం అద్దె ఒప్పందమే.

హైదరాబాద్‌లో ఎక్కువగా 11 నెలల ఒప్పందం రాస్తారు. దానికి కారణం ఉంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకోడానికే 11 నెలలు. అయితే స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించిన ఒప్పందం ఒక ఆఫీసులో చెల్లుతుంది, ఇంకో ఆఫీసులో తిప్పి పంపుతారు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ అయిన ఒప్పందం ఉంటే ఆ ప్రశ్న రాదు. ఓనర్ ఒప్పుకుంటే ఆ ఖర్చు మీరే పెట్టుకుని రిజిస్టర్ చేయించండి. తర్వాత అయిదారు ఆఫీసుల్లో పనికొస్తుంది.

ఓనర్లు కొందరు భయపడతారు, కిరాయిదారు పేరు కాగితం మీదికి వస్తే ఇల్లు పోతుందేమోనని. నిజానికి గడువు, అద్దె, ఖాళీ చేసే షరతు రాసి ఉన్న ఒప్పందం ఓనర్‌కే రక్షణ. అడ్వాన్సు ఇచ్చేముందే ఈ మాట మాట్లాడుకోండి. ఇంట్లో దిగాక అడిగితే చాలామంది దాటవేస్తారు.

ఒప్పందంలో ఇంటి నంబరు ఆ ఇంటి కరెంటు బిల్లు మీద ఎలా ఉందో అలాగే రాయించండి. ఇంట్లో పెద్దవాళ్ళందరి పేర్లు కిరాయిదారులుగా రాయిస్తే ఇంకా మంచిది. పేర్ల స్పెల్లింగ్ ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి.

ఆధార్: ఒకరిది మారితే మిగతావాళ్ళది సులువు

అద్దె ఒప్పందం చేతికొచ్చాక మొదటి పని ఆధార్‌లో అడ్రస్. మై ఆధార్ పోర్టల్‌లో ఓటీపీతో మీరే చేసుకోవచ్చు. సెంటర్‌లో అయితే 2025 అక్టోబరు నుంచి వివరాల మార్పుకు 75 రూపాయలు. అంతకు మించి అడిగితే రసీదు అడగండి.

ఇంట్లో అయిదుగురికీ అయిదు అడ్రస్ రుజువులు ఎక్కణ్ణుంచి తేవాలి అని కంగారు పడొద్దు. 2023 జనవరి నుంచి కుటుంబ పెద్ద ద్వారా అడ్రస్ మార్చుకునే వీలు ఉంది. ముందు భర్త తన ఆధార్ మార్చుకుంటారు. తర్వాత భార్య, అమ్మీ, పిల్లలు ఆయన్ని కుటుంబ పెద్దగా చూపించి దరఖాస్తు పెడతారు. బంధుత్వం చూపే కాగితం కావాలి. రేషన్ కార్డు, మ్యారేజ్ సర్టిఫికెట్, మార్కుల జాబితా వంటివి పనికొస్తాయి. అవేవీ లేకపోతే కుటుంబ పెద్ద సొంత డిక్లరేషన్ ఇవ్వొచ్చు. దరఖాస్తు పెట్టాక 30 రోజుల్లోపు కుటుంబ పెద్ద పోర్టల్‌లోకి వెళ్ళి ఒప్పుకోవాలి. మరచిపోతే దరఖాస్తు మూసేస్తారు, కట్టిన ఫీజు తిరిగి రాదు.

అద్దె ఒప్పందమే దొరకలేదా? గెజిటెడ్ ఆఫీసరు, ఎమ్మెల్యే, కార్పొరేటరు వంటివాళ్ళు ఆధార్ సంస్థ నమూనాలో సంతకం చేసి ఇచ్చే సర్టిఫికెట్ ఒకటుంది. సంతకం చేసిన తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. తీసుకున్న వారంలోనే వాడేయండి.

అడ్రస్ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కానీ పేరు జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే. అందుకే అడ్రస్ మార్చేటప్పుడు పనిలో పనిగా పేరు కూడా సరిచేద్దాం అని తొందరపడొద్దు. ముందు కింది భాగం చదవండి.

షేక్, ఎస్.కె., మహమ్మద్, ఎం.డి.

మన కాగితాల్లో సగం తిరుగుడు పేర్ల వల్లే. ఒకే మనిషి రేషన్ కార్డులో ఎస్.కె. మస్తాన్, ఆధార్‌లో షేక్ మస్తాన్ వలీ, స్కూల్లో మస్తాన్‌వలి షేక్. ఆడవాళ్ళ పేర్ల వెనక బీ ఒకచోట, బేగం ఒకచోట, పెళ్ళయ్యాక సుల్తానా ఇంకోచోట. సొంత ఊళ్ళో అయితే సచివాలయంలో కూర్చున్నవాళ్ళకు మీరు ఎవరో తెలుసు, సర్దుకుపోతారు. కొత్త ఊళ్ళో కంప్యూటర్ ఒక్కటే చూస్తుంది. అక్షరం తేడా ఉంటే వేరే మనిషి కింద లెక్క.

చేయాల్సింది ఇది. మీ టెన్త్ మెమోలో పేరు ఎలా ఉందో దాన్నే అసలుగా పెట్టుకోండి. టెన్త్ చదవనివాళ్ళు పాస్‌పోర్టు, అదీ లేకపోతే ఓటరు కార్డు. గల్ఫ్‌కు వెళ్ళొచ్చినవాళ్ళు పాస్‌పోర్టు పేరునే పట్టుకోండి, అది మార్చడం అన్నిటికంటే కష్టం. ఒకటి ఖాయం చేసుకున్నాక ఆధార్, పాన్, బ్యాంకు, రేషన్ అన్నిటినీ దానివైపే తీసుకురండి. పెళ్ళయిన అమ్మాయి పేరు మార్చాలనే రూలు ఎక్కడా లేదు. అడ్రస్ మారితే చాలు. పాత పేరుతోనే సర్టిఫికెట్లు అన్నీ చెల్లుతాయి.

రేషన్: కార్డు మారేదాకా బియ్యం ఆగక్కర్లేదు

ఇది చాలామందికి తెలియదు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం కింద ఏపీ కార్డుతో హైదరాబాద్ రేషన్ షాపులో బియ్యం తీసుకోవచ్చు. 2019 ఆగస్టులో దేశంలో మొదట ఈ సౌకర్యం మొదలైన రాష్ట్రాల జతల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. కార్డు నంబరు గానీ ఆధార్ నంబరు గానీ చెప్పి వేలిముద్ర వేస్తే సరిపోతుంది. డీలర్‌కు కార్డు కూడా చూపించక్కర్లేదు.

రెండు షరతులు మాత్రం ఉన్నాయి. మీ కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కిందది అయ్యుండాలి. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డు అయితే రాష్ట్రం దాటాక పనిచేయదు. రెండోది, కేంద్రం ఇచ్చే మనిషికి 5 కిలోలే వస్తాయి. తెలంగాణ ప్రభుత్వం తన కార్డుదారులకు ఇచ్చే మనిషికి 6 కిలోల సన్నబియ్యం లెక్క మీకు వర్తించదు. మీ కార్డు ఏ రకమో మేరా రేషన్ యాప్‌లో చూసుకోవచ్చు.

ఇక్కడే ఉండిపోవాలని తేల్చుకుంటే కొత్త ఆహార భద్రత కార్డుకు మీ సేవలో దరఖాస్తు పెట్టండి. ఏడాది ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. అయితే ముందు ఏపీ బియ్యం కార్డులో పేర్లు తీయించాలి. ఆధార్ రెండు కార్డుల్లో ఉంటే కొత్తది రిజెక్ట్ అవుతుంది. పేర్లు తీయించడం పాత ఊరి గ్రామ, వార్డు సచివాలయంలో అవుతుంది. తీసేసినట్టు కాగితం తప్పకుండా తీసుకోండి.

ఇక్కడ జాగ్రత్త. పాత కార్డులో పేర్లు పోయి, కొత్త కార్డు రాకపోతే మధ్యలో ఏ బియ్యమూ ఉండవు. తెలంగాణలో కొత్త కార్డుకు ఎంత కాలం పడుతుందో ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. కాబట్టి ఆధార్ అడ్రస్ మారి, అద్దె ఇల్లు కుదురుకుని, ఏడాదైనా ఇక్కడే ఉంటామని తేలాకే పేర్లు తీయించండి. అప్పటిదాకా పాత కార్డు మీదే ఇక్కడి షాపులో తీసుకోండి.

పెళ్ళయి వచ్చిన అమ్మాయికీ ఇదే పద్ధతి. పుట్టింటి కార్డులో పేరు తీయించి, అత్తారింటి కార్డులో చేర్చమని దరఖాస్తు పెట్టాలి.

అమ్మీ పింఛను: తొందరపడి కోల్పోవద్దు

ఈ కుటుంబంలో అన్నిటికంటే పెద్ద లెక్క ఇదే. ఏపీలో ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. తెలంగాణలో 2,016 రూపాయలు. పైగా పింఛను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి బదిలీ కాదు. ఏపీలో జిల్లా మారితే బదిలీ ఉంది. రాష్ట్రం దాటితే అక్కడ ఆగిపోయి, ఇక్కడ కొత్తగా మంజూరు కావాలి. కొత్త మంజూరు ఎప్పుడొస్తుందో చెప్పలేం.

ఏపీలో నెల మొదట్లో సచివాలయం సిబ్బంది ఇంటికి వచ్చి పింఛను ఇస్తారు. మనిషి అక్కడ ఉండాలి. అమ్మీ ఆధార్, రేషన్ తెలంగాణకు మార్చేస్తే అక్కడి అర్హత పోతుంది.

కాబట్టి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. అమ్మీ నిజంగా ఎక్కడ ఉండబోతున్నారు? ఇంకో కొడుకు, కూతురు నంద్యాలలో ఉండి, ఆమె ఎక్కువ కాలం అక్కడే ఉండేట్టయితే ఆమె కాగితాలు అక్కడే ఉంచండి. అది తప్పు కాదు. ఆమె పూర్తిగా హైదరాబాద్ వచ్చేస్తుంటే మాత్రం పింఛను ఆగుతుందని తెలిసే రావాలి. నెలకు 4,000 ఆమె మందులకు వెళ్ళే డబ్బు అయితే ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో ముందే అనుకోవాలి. ఇక్కడ ఉంటూ అక్కడ ఉన్నట్టు చూపిద్దాం అనుకుంటే ఎక్కువ రోజులు సాగదు. వేలిముద్ర, రేషన్, ఆస్పత్రి అన్నీ ఆధార్‌తో ముడిపడి ఉన్నాయి. తనిఖీలో తేలితే తీసుకున్న డబ్బు వెనక్కి కట్టమని అడిగే అవకాశం ఉంటుంది.

కరెంటు, నీళ్ళు, గ్యాస్

కరెంటు మీటరు కిరాయిదారు పేరు మీదికి మార్చక్కర్లేదు. ఇంట్లో దిగిన రోజే మీటరు రీడింగ్ ఫోటో తీసి ఓనర్‌కు వాట్సాప్ చేయండి. ముందున్నవాళ్ళ బకాయి మీ నెత్తిన పడకుండా ఉంటుంది. బిల్లు మీద యూఎస్‌సీ నంబరు ఉంటుంది, దాచుకోండి.

గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు కిరాయిదార్లకూ వర్తిస్తుంది. 2024 మార్చి నుంచి అమల్లో ఉంది. కానీ తెలంగాణ ఆహార భద్రత కార్డు ఉండాలి, అది ఆ ఇంటి మీటరుకు లింకవ్వాలి. ఏపీ కార్డు పనికిరాదు. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి నెలల్లో బిల్లు కట్టక తప్పదు. నెలలో 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి, పైన ఉన్న యూనిట్లకే కాదు. ఒకే మీటరు మీద రెండు వాటాలు ఉన్న ఇల్లయితే 200 ఇట్టే దాటుతుంది. ఇల్లు చూసేటప్పుడే వాటాకు వేరే మీటరు ఉందా అడగండి.

నీళ్ళకు హైదరాబాద్‌లో జలమండలి ఉంది. గృహ కనెక్షన్‌కు నెలకు 20 వేల లీటర్లు ఉచితం. ఓనర్ ఆధార్ లింక్ చేసి ఉండాలి, మీటరు పనిచేస్తూ ఉండాలి. నీళ్ళ బిల్లు అని ఓనర్ నెలనెలా వసూలు చేస్తుంటే, క్యాన్ నంబరు అడిగి అసలు బిల్లు చూడండి.

గ్యాస్‌కు పాత ఏజెన్సీ ఇచ్చిన ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకుని అదే కంపెనీ ఏజెన్సీకి ఇక్కడ వెళ్ళాలి. పాత డిపాజిట్ మీరు కట్టినంత అక్కడ తిరిగి ఇస్తారు. ఇక్కడ ఇప్పటి రేటు కట్టాలి. 14.2 కిలోల సిలిండరుకు 2,200 రూపాయలు, రెగ్యులేటరుకు 250. పదిహేనేళ్ళ కిందటి కనెక్షన్ అయితే చేతిలోంచి కొంత పడుతుంది. స్టౌ మీదే, దాన్ని తెచ్చుకోవచ్చు. సిలిండరును సామానుతో డీసీఎంలో వేసుకురావొద్దు, ప్రమాదం, పైగా ఇక్కడ ఏజెన్సీ దాన్ని మీ ఖాతాలో వేసుకోదు. ఏజెన్సీ మారేదాకా అడ్రస్ రుజువు అడగని 5 కిలోల చిన్న సిలిండరు దొరుకుతుంది. ఏపీలో దీపం-2 కింద వచ్చే ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఇక్కడికి రావు. తెలంగాణలో 500 రూపాయల గ్యాస్ కావాలన్నా ఆహార భద్రత కార్డే ఆధారం.

ఇంకో చిన్న సంగతి. తెలంగాణ ఆర్టీసీలో ఆడవాళ్ళకు జీరో టికెట్ తెలంగాణ వాసులకే. ఏపీ అడ్రస్ ఉన్న ఆధార్ చూపిస్తే టికెట్ కొట్టాల్సిందే. రోజూ బస్సులో పనికి వెళ్ళే ఆడవాళ్ళ ఆధార్ అందుకే ముందు మార్పించండి.

స్కూలు, లోకల్ హోదా

1 నుంచి 8వ తరగతి పిల్లలకు విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 అండ ఉంది. హెడ్‌మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త స్కూలు చేర్చుకోకుండా ఉండటానికి లేదు. మన ఉదాహరణలో 4వ తరగతి అబ్బాయికి ఇది వర్తిస్తుంది. 9వ తరగతి అమ్మాయికి వర్తించదు, ఆమె టీసీ లేకుండా రావొద్దు. ఉర్దూ మీడియంలో చదువుతున్న పిల్లలైతే ఇల్లు చూసేముందే దగ్గర్లో ఆ మీడియం హైస్కూలు ఉందా కనుక్కోండి. మీడియం ఏదైనా తెలంగాణలో 2018 చట్టం ప్రకారం తెలుగు ఒక సబ్జెక్టుగా తప్పనిసరి.

ఇక అసలు సంగతి. ఉమ్మడి ప్రవేశాల పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. తెలంగాణలో ఎంబీబీఎస్ లోకల్ సీటుకు 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్ళు ఇక్కడే చదివి ఉండాలి. ఈ రూలును 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. అంటే మన ఉదాహరణలో అమ్మాయి ఈ జూన్‌లో ఇక్కడ 9వ తరగతిలో చేరితే లెక్క సరిపోతుంది. టెన్త్ అయ్యేదాకా నానీ దగ్గర నంద్యాలలో ఉండనిద్దాం అనుకుంటే ఇక్కడ లోకల్ కాదు. డాక్టర్ చదివించాలనే ఆలోచన ఉన్నవాళ్ళు మకాం మార్చే తేదీ కూడా దీన్ని బట్టే పెట్టుకోవాలి. ఉద్యోగాల లోకల్‌కు 1 నుంచి 7వ తరగతి దాకా ఎక్కడ చదివారో చూస్తారు. స్టడీ సర్టిఫికెట్లు అన్నీ తెచ్చుకోమన్నది అందుకే.

బీసీ-ఈ గురించి. రెండు రాష్ట్రాల్లోనూ 4 శాతం రిజర్వేషన్ ఉంది కదా, అదే సర్టిఫికెట్ నడుస్తుంది అనుకోవద్దు. ఏపీ తహసీల్దార్ ఇచ్చింది ఏపీకే. ఇక్కడ సీటుకో ఉద్యోగానికో తెలంగాణ తహసీల్దార్ సర్టిఫికెట్ అడుగుతారు, కొత్తగా వచ్చినవాళ్ళకు అది తేలిగ్గా రాదు. పాత సర్టిఫికెట్ మాత్రం పారేయకండి, ఏపీలో దరఖాస్తు చేస్తే అదే కావాలి.

బైకు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం 12 నెలలకు మించి వేరే రాష్ట్రంలో బండి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి పాత ఆర్టీఓ ఎన్‌ఓసీ కావాలి, ఫారం 28. లోను మీద కొన్న బండి అయితే ఫైనాన్స్ కంపెనీ అనుమతి కూడా. ఎన్‌ఓసీ దరఖాస్తు ఇచ్చిన 30 రోజుల్లో ఆఫీసు ఏదో ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఇచ్చినట్టే అని సెక్షన్ 48 అంటుంది. అందుకే దరఖాస్తు రసీదు ముఖ్యం.

ఎన్‌ఓసీతో ఇక్కడ ఫారం 27 పెట్టి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టి టీజీ నంబరు తీసుకోవాలి. పాత రాష్ట్రంలో కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు. నంబరు మారాక ఇన్సూరెన్స్‌లో మార్పించడం మరవొద్దు. పాత నంబరు మీద ఉన్న పాలసీతో యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర గొడవ. బండి చాలా పాతదైతే ట్యాక్సు, తిరుగుడు లెక్క వేసి చూడండి. అక్కడే అమ్మేసి ఇక్కడ టీజీ నంబరుదే కొనడం చాలాసార్లు చవక. డ్రైవింగ్ లైసెన్సు దేశమంతా చెల్లుతుంది, అడ్రస్ నిదానంగా మార్చుకోవచ్చు.

ఓటు

చోటు మారినవాళ్ళు ఫారం 8 ఇవ్వాలి. ఫారం 6 కొత్త ఓటర్లకు మాత్రమే. చాలామంది తెలియక ఫారం 6 నింపుతారు, అప్పుడు రెండు చోట్ల పేరు వస్తుంది. అలా ఉండటం చట్టానికి విరుద్ధం. దరఖాస్తులో తప్పుడు ప్రకటన చేస్తే ఏడాది దాకా జైలు శిక్ష కూడా ఉంది. ఫారం 8 ఆన్‌లైన్‌లో గానీ బీఎల్‌ఓకు గానీ ఇవ్వొచ్చు. బీఎల్‌ఓ ఇంటికి వచ్చినప్పుడు ఎవరో ఒకరు ఉండాలి. ఆ తర్వాత జాబితాలో పేరు కళ్ళారా చూసుకోండి. పాత ఊళ్ళో తీసేసి ఇక్కడ చేర్చకపోతే ఎన్నికల రోజున ఎవరినీ ఏమీ అనలేం.

బ్యాంకు, దుకాణం, పాస్‌పోర్టు

బ్యాంకు అకౌంట్ నంబరు మారదు, కావాలంటే బ్రాంచ్ మార్చుకోవచ్చు. మారిస్తే ఐఎఫ్‌ఎస్‌సీ మారుతుంది, జీతం, గ్యాస్ సబ్సిడీ ఉన్నచోట చెప్పండి. పాన్ నంబరూ అదే ఉంటుంది.

చిన్న వ్యాపారం చేసేవాళ్ళకు మాత్రం జీఎస్టీ దగ్గర గట్టి తేడా ఉంది. జీఎస్టీ నంబరు రాష్ట్రానికి ఒకటి. ఏపీ నంబరు 37తో, తెలంగాణది 36తో మొదలవుతుంది. అడ్రస్ మార్పు కింద రాష్ట్రం మార్చడం కుదరదు. ఇక్కడ కొత్తది తీసుకుని అక్కడిది రద్దు చేయించాలి, రద్దయ్యాక మూడు నెలల్లో ఫైనల్ రిటర్న్ వేయాలి. ఇంకో సంగతి, సరుకులు మాత్రమే అమ్మేవాళ్ళకు ఏపీలో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే. నంద్యాలలో 30 లక్షల బట్టల కొట్టుకు జీఎస్టీ లేకుండా నడిచింది, ఇక్కడా అలాగే అనుకుంటే నోటీసు వస్తుంది.

పాస్‌పోర్టులో అడ్రస్ మార్చాలంటే రీఇష్యూకే పెట్టాలి. గల్ఫ్ వెళ్ళే ఆలోచన ఉంటే అడ్రస్ తేల్చుకుని అప్పుడు పెట్టండి. పోలీస్ వెరిఫికేషన్‌కు వచ్చినప్పుడు ఆ అడ్రస్‌లో మీరు లేకపోతే రిపోర్టు తేడాగా వెళ్తుంది, అది సరిచేసుకోవడానికి నెలలు పడుతుంది.

ఒక్క చూపులో వరస

- వచ్చేముందు: ఫోన్ లింక్, టీసీ, గ్యాస్ వోచర్, బండి ఎన్‌ఓసీ, నికాహ్, బర్త్ సర్టిఫికెట్లు
- మొదటి వారం: అద్దె ఒప్పందం, మీటరు ఫోటో, స్కూలు, పాత కార్డుతో రేషన్
- మొదటి నెల: కుటుంబ పెద్ద ఆధార్, తర్వాత మిగతావాళ్ళది, గ్యాస్, బ్యాంకు
- మూడు నెలల్లో: ఓటుకు ఫారం 8, వ్యాపారం ఉంటే జీఎస్టీ (అమ్మకం మొదలయ్యేముందే)
- కుదురుకున్నాక: ఏపీ కార్డులో పేర్లు తీయించి తెలంగాణ కార్డు, దాని వెనక గృహజ్యోతి, గ్యాస్ రాయితీ
- ఏడాదిలోపు: బండి నంబరు

అవసరమైన నంబర్లు: ఆధార్ 1947, ఓటరు 1950, కరెంటు 1912, జలమండలి 155313, రేషన్ 1967, గ్యాస్ లీకేజీ 1906.

ఆఫీసుల బయట అన్నీ చేసిపెడతాం అనేవాళ్ళు ఉంటారు. ఫారం నింపడం రానివాళ్ళు సాయం తీసుకోవడంలో తప్పులేదు. కానీ ఒరిజినల్ కాగితాలు ఇచ్చేయొద్దు, ఓటీపీ చెప్పొద్దు, మీ ఫోన్ నంబరు బదులు వాళ్ళ నంబరు పెట్టనివ్వొద్దు. వాళ్ళ నంబరు ఒకసారి ఎక్కితే రేపు మీ దరఖాస్తు ఏమైందో మీకు కాదు, వాళ్ళకే తెలుస్తుంది. ప్రతి దరఖాస్తుకూ రసీదు నంబరు ఒక నోట్‌బుక్‌లో తేదీతో రాసి పెట్టుకోండి. ఆఫీసులో మళ్ళీ అడిగినప్పుడు ఆ నోట్‌బుక్కే మీ తరఫున మాట్లాడుతుంది.